హెంబ్రమ్ విడుదల: పగ ఎవరి దగ్గర మిగిలింది?



2025 ఏప్రిల్ 16, బుధవారం. శ్రమల వారం. శుభ శుక్రవారానికి ఇంకా రెండు రోజులే ఉంది. మన సంఘాల్లో సేవకులు సిలువ మీది ఏడు మాటలకు సిద్ధపడుతున్నారు. అందులో మొదటి మాట క్షమాపణ గురించే. ఆ రోజే ఒడిశాలోని కియోంఝర్ జైలు నుంచి మహేంద్ర హెంబ్రమ్ విడుదలయ్యాడు. గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన ఇద్దరు కొడుకులనూ సజీవ దహనం చేసిన కేసులో యావజ్జీవ శిక్ష పడినవాడు. ఇరవై అయిదేళ్ల జైలు తర్వాత సత్ప్రవర్తన కారణంగా వదిలిపెట్టారు. బయటికి వచ్చి, తనను అన్యాయంగా ఇరికించారని విలేఖరులతో అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మాటలు మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరు శపించారు. కొందరు కీర్తనల గ్రంథంలోని శాపవచనాలు వెదికి మరీ పంపారు. బాధ నిజమైనదే, దాన్ని తప్పుపట్టను. కాకపోతే ఒక సంగతి ఆలోచించాలి. ఆ రాత్రి భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకున్న స్త్రీ తన కోపాన్ని 1999లోనే విడిచిపెట్టింది. ఆమె పేరు మీద ఆ కోపాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నది మనం.

ఇప్పటి యౌవనస్థులకు ఈ చరిత్ర తెలియకపోవచ్చు. ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చిన గ్రాహం స్టెయిన్స్ మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో కూడికలకు వెళ్లి, పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతితో కలిసి తమ బండిలోనే పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక గుంపు వచ్చి బండికి నిప్పు పెట్టింది. గ్లాడిస్ గారు, కూతురు ఎస్తేరు ఆ యాత్రకు వెళ్లలేదు. తర్వాత కొద్ది రోజుల్లోనే ఆమె హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పారు. దేశం విడిచి వెళ్లిపోతారనుకున్నారు అందరూ. ఆమె 2004 దాకా అక్కడే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఇంతవరకు మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. వినిపించనిది రెండో సగం. క్షమాపణ వేరు, నేరానికి వచ్చే ఫలితం వేరు, ఈ రెండింటినీ కలపకూడదని కూడా ఆమె అప్పట్లోనే స్పష్టం చేశారు. కేసు తన దారిన తాను నడిచింది. 2003లో ప్రత్యేక కోర్టు దారా సింగ్‌కు మరణశిక్ష, హెంబ్రమ్‌తో సహా మరో పన్నెండు మందికి యావజ్జీవం వేసింది. 2005లో ఒరిస్సా హైకోర్టు మరణశిక్షను యావజ్జీవానికి తగ్గించి, హెంబ్రమ్ శిక్షను ఖాయం చేసి, మిగతా పదకొండు మందిని విడిచిపెట్టింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. 2024లో దారా సింగ్ కూడా తనను విడుదల చేయాలని అదే సుప్రీంకోర్టును ఆశ్రయించాడు.

దారా సింగ్ విడుదల గురించి క్రైస్తవులు మాట్లాడవచ్చా? క్షమించినవాళ్లకు అభ్యంతరం చెప్పే హక్కు ఎక్కడిది అని కొందరు సేవకులే అడుగుతున్నారు. నా అభిప్రాయంలో ఈ ప్రశ్న క్షమాపణను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చింది. పైగా అదే 1999లో షేక్ రెహ్మాన్ అనే ముస్లిం వ్యాపారినీ, ఫాదర్ అరుళ్ దాస్‌నూ చంపిన కేసుల్లో కూడా దారా సింగ్‌కు శిక్ష పడింది. ఆ కుటుంబాల తరఫున మనం ఎలా క్షమించగలం? (వారి పేర్లు మన ప్రార్థనల్లో ఎన్నిసార్లు వచ్చాయో కూడా చూసుకోవాలి.)

కొత్త నిబంధనలో క్షమించడానికి ఎక్కువగా వాడిన గ్రీకు క్రియ అఫియేమి. దాని మొదటి అర్థం విడిచిపెట్టడం, వదిలేయడం. మత్తయి 4:20లో పేతురు, అంద్రెయ వలలను విడిచిపెట్టారని చెప్పడానికి వాడింది అదే క్రియ. క్షమించేవాడు తన చేతిలో ఉన్నది విడిచిపెడతాడు, అంటే పగ తీర్చుకునే హక్కును. రాజ్యం చేతిలో ఉన్నది అతని సొత్తు కాదు గనుక దాన్ని అతను విడిచిపెట్టలేడు. పౌలు రోమా 12 చివర పగ తీర్చుకునే పని దేవునికి అప్పగించమని చెప్పి, వెంటనే 13వ అధ్యాయంలో నేరాన్ని శిక్షించే అధికారుల గురించి రాశాడు. మన బైబిళ్లలో మధ్యలో అధ్యాయం సంఖ్య ఉండటంతో ఈ రెండింటినీ విడదీసి చదివే అలవాటు పడిపోయింది.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చూడటానికి ఒడిశా దాకా వెళ్లనక్కర్లేదు. తాగొచ్చిన భర్త చేతిలో దెబ్బలు తిన్న సహోదరి పోలీస్ స్టేషన్‌కు వెళితే, సంఘ పెద్దలు కూర్చోబెట్టి, “అమ్మా, ప్రభువు క్షమించాడు కదా, నువ్వూ క్షమించి కేసు వెనక్కి తీసుకో” అంటారు. పొలం గట్టు జరిపించుకున్న అన్న మీద తమ్ముడు కాగితం పెడితే, అతన్ని బల్లలో చేయి వేయవద్దని ఆపుతారు. గట్టు జరిపినవాడు మాత్రం బల్లలో పాలుపొందుతూనే ఉంటాడు. ఇలా దెబ్బ తిన్నవారి నోరు మూయించడానికి క్షమాపణ అనే మాట వాడటం నాకు చాలా దుఃఖం కలిగిస్తుంది. బలవంతం చేసి చెప్పించిన క్షమాపణ లోపల పగగానే పులిసిపోతుంది. ఎవరూ అడగకుండానే గ్లాడిస్ గారు చెప్పారు. ఆమెకు ఏ కమిటీ గడువు పెట్టలేదు.

అలాగని న్యాయం పేరుతో పగను దాచుకోవడం కూడా మనకు తెలిసిన విద్యే. దానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే: హెంబ్రమ్ మారుమనస్సు పొందాడని రేపు వార్త వస్తే మనకు సంతోషం కలుగుతుందా, నిరాశ కలుగుతుందా? నీనెవె మారినప్పుడు యోనాకు కోపం వచ్చింది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో హెంబ్రమ్ పేరు ఎత్తి చూడండి. దారా సింగ్ పేరు కూడా. మొదట గొంతులోంచి మాట రాకపోవచ్చు. తొందరేమీ లేదు. దారా సింగ్ విడుదలపై అభ్యంతరం ఉన్న సంఘాలు న్యాయవాది ద్వారా, మర్యాదైన మాటలతో, ప్రభుత్వానికి రాయవచ్చు. ఈ రెండు పనులూ ఒకే రోజు చేయవచ్చు.

ఫిలిప్పీలో పౌలు, సీలలు చేసింది ఇలాంటిదే. విచారణ లేకుండా కొట్టించి బొండలో వేసినా, రాత్రి భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నప్పుడు పారిపోకుండా, ప్రాణం తీసుకోబోయిన చెరసాల అధికారిని ఆపారు. అతను వాళ్ల గాయాలు కడిగాడు, ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు. తెల్లవారాక న్యాయాధిపతులు గుట్టుగా పంపించేయాలని చూస్తే మాత్రం పౌలు ఒప్పుకోలేదు. రోమా పౌరులను బహిరంగంగా కొట్టించారు గనుక వాళ్లే స్వయంగా వచ్చి వెలుపలికి తీసుకుపోవాలన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. అప్పుడు పౌలు, సీలలు లూదియ ఇంటికి వెళ్లి, సహోదరులను ఆదరించి, ఊరు విడిచి వెళ్లిపోయారు.