చంపినది ఫోనా, అనుమానమా?

2022లో హలీనా రైన్ తీసిన 'బాడీస్ బాడీస్ బాడీస్' సినిమా చూపించి 'ఈ కాలపు పిల్లలు ఇంతే' అనే పెద్దలతో మేము ఏకీభవించము.

కథ వినండి. తుఫాను రాత్రి అమెరికాలో కలవారి పిల్లలు ఒక బంగళాలో చేరి హంతకుణ్ణి కనిపెట్టే ఆట ఆడతారు. కరెంటు పోతుంది. డేవిడ్ అనే యువకుడు మెడ తెగి కనిపిస్తాడు. వెంటనే స్నేహితులే ఒకరినొకరు అనుమానించి చంపుకుంటారు. ఆ మధ్యలోనే 'టాక్సిక్', 'ట్రిగర్' అని నేర్చిన మాటలు వల్లిస్తారు. అందుకే నవ్వొస్తుంది. తెల్లవారాక ఫోనులో వీడియో దొరుకుతుంది. టిక్‌టాక్ కోసం కత్తితో షాంపేను సీసా తెరవబోయి డేవిడ్ తన మెడ తానే కోసుకున్నాడు. అతణ్ణి చంపిన హంతకుడే లేడు!

మరి మిగిలినవారిని చంపినదేది? ఫోనా? నిజము దొరికినది ఫోనులోనే. చంపినది అనుమానము. దానికి వయసు లేదు. చేతబడి చేశారని మన పల్లెల్లో మనుషులను కొట్టి చంపినవారు టిక్‌టాక్ చూసి నేర్చుకున్నారా? 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేస్తే తెలంగాణలో అమాయకులు బలైపోయారు. ఆ మెసేజు పంపినవారిలో తల్లులు, తండ్రులు, తాతలు లేరా? అబద్ధ సాక్ష్యము పలకకూడదన్న ఆజ్ఞ ఇరవై ఏళ్లవారికి మాత్రమే ఇవ్వబడిందా?

ఆ పిల్లలు నేర్చిన మాటల వెనుక కత్తి దాచారు. మనమో, 'ఫలానా వారి కోసం ప్రార్థించండి' అంటూనే వారి పరువు తీస్తాము. తేడా ఏమిటి?

యౌవనస్థులను తిట్టడం మాని ఒక పని చేద్దాము. ఎవరి మీదనైనా మాట వచ్చినప్పుడు 'నీవు కళ్లారా చూశావా?' అని అడుగుదాము. చూడలేదంటే ఆ మాట మన గడప దాటకూడదు.