ఆ నేల తల్లులది

ద్వీపాలకు వెళ్లే కంపెనీలకు సామాజిక బాధ్యతంటే పండుగకు చందా, ఊరిపెద్దకు సన్మానం, వార్షిక నివేదికలో పూసలు వేసుకున్న పిల్లల ఫొటో. స్థానిక సంస్కృతికి తగ్గట్టు నడుచుకుంటున్నామని చెప్పుకోవడానికి వాళ్లకు అది చాలు. నాకు చాలదు. ఏ నేలను ఎవరిని అడిగి ముట్టుకోవాలో చెప్పేదే ఆ ఊరి అసలు సంస్కృతి. దాన్ని తొక్కేసి ఎన్ని దండలు వేసినా అది అవమానమే.

పాపువా న్యూ గినీలోని బోగన్‌విల్ దీవినే చూడండి. అక్కడ చాలా తెగల్లో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. పంగునాలో రాగి గని కోసం 1967లో ఒప్పందం రాసుకున్నది మాత్రం గని కంపెనీ, అప్పట్లో ఆ దీవిని ఏలుతున్న ఆస్ట్రేలియా పాలకులు. తల్లుల మాట ఎవరూ అడగలేదు. 1969లో రోరోవానా ఆడవాళ్లు తమ నేలలో పాతిన సర్వే గుర్తును పీకడానికి కలబడితే, పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో బదులిచ్చారు.

1972 నుంచి 1989 దాకా గని నడిచింది. ఖనిజం విలువ వంద రూపాయలనుకుంటే రాయల్టీ రూపాయి పావలా. అందులో భూమి హక్కుదార్ల వాటా ఆరు పైసలు! కంపెనీ శిక్షణ ఇచ్చింది, స్కాలర్‌షిప్‌లు ఇచ్చింది. నదుల్లోకి వంద కోట్ల టన్నులకు పైగా వ్యర్థాలూ వదిలింది. ఆవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే. ఆ కడుపుమంట 1988లో తిరుగుబాటైంది. పదేళ్ల యుద్ధంలో, దిగ్బంధంలో 20,000 మంది దాకా చనిపోయారని అంచనా.

2016లో గని కంపెనీలో ప్రధాన వాటాదారైన రియో టింటో తన వాటాలు వదులుకుని వెళ్లిపోయింది. గని నడిచినప్పటి నిబంధనలన్నీ పాటించాం, శుభ్రం చేసే బాధ్యత మాది కాదంది. ఊళ్లవాళ్లు 2020లో ఫిర్యాదు చేశాకే, నష్టం ఎంతో లెక్క తేల్చే అధ్యయనానికి 2021లో ఒప్పుకుంది. గని మూతపడ్డ 32 ఏళ్లకు!

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగాల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు ఒక్క మాట. ఏ దీవికి వెళ్లినా బడి కట్టే ముందు, బోరు వేసే ముందు, అక్కడి ఆచారం ప్రకారం నేల ఎవరిదో తెలుసుకోండి. వాళ్ల ముందు కూర్చుని అడగండి. వద్దంటే వెనక్కి రండి. పంగునా కింద కవెరోంగ్ నదిలో రాళ్లు నేటికీ రాగి మరకలతో నీలంగానే ఉన్నాయి.