తీసివేతలోనే తడబాటు
బతుకు లెక్కలతో బోధిస్తేనే మేలు

ప్రాథమిక పాఠశాలల్లో గణిత బోధన ఎక్కడ కుంటుపడుతోందో తెలియాలంటే మూడో తరగతి తీసివేతలను పరిశీలిస్తే చాలు. ప్రథమ్‌ సంస్థ ఆధ్వర్యంలో గ్రామీణ ప్రాంతాల్లో నిర్వహించిన అసర్‌-2024 సర్వే ప్రకారం, దేశవ్యాప్తంగా ఈ తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమే. 2022లో ఇది 25.9 శాతం. కొంత మెరుగుపడినా ముగ్గురిలో ఇద్దరు వెనుకబడే ఉన్నారు. తీసివేత రానివారికి భాగహారం అందదు. పైతరగతులకు వెళ్లేకొద్దీ లెక్కలంటేనే భయం పట్టుకుంటుంది.

విచిత్రమేమిటంటే బడి బయట ఈ లెక్కలు చాలామంది పిల్లలకు కొట్టినపిండి. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరకులు అమ్మే పిల్లలపై అభిజిత్‌ బెనర్జీ, ఎస్తేర్‌ డఫ్లో తదితరులు జరిపిన అధ్యయనం 2025 ఫిబ్రవరిలో ‘నేచర్‌’ పత్రికలో వెలువడింది. బేరసారాల్లో చకచకా లెక్క తేల్చే ఆ పిల్లలు, బడిలో ఇచ్చే తరహా లెక్కల వద్ద తడబడ్డారు. అమ్మకం అనుభవం లేని బడిపిల్లలు బజారు లెక్కల వద్ద చతికిలపడ్డారు. ఈ రెండింటికీ వంతెన లేకపోవడమే అసలు లోపం.

పదం చూసి లెక్క.. అసలుకే ఎసరు

నిత్యజీవితం నుంచి తీసుకున్న రాత లెక్కలు ఆ వంతెన కాగలవు. అయితే వాటిని నేర్పే తీరులోనూ చిక్కుంది. ‘మిగిలినవి’ అని ఉంటే తీసివేయాలి, ‘ఎక్కువ’ అని ఉంటే కూడాలి అంటూ గుర్తులు కంఠస్థం చేయిస్తే ప్రమాదమే. ‘సీత దగ్గర 52 చింతగింజలు ఉన్నాయి. అవి గీత వద్ద ఉన్నవాటి కంటే 17 ఎక్కువ. గీత వద్ద ఎన్ని?’ అన్న ప్రశ్నకు, ఆ గుర్తును నమ్ముకున్న విద్యార్థి 69 అంటాడు. సరైన జవాబు 35.

తీసివేయాలని గ్రహించినా గండం గడవదు. 2లోంచి 7 పోదు గనుక 7లోంచి 2 తీసి 45 అని రాసే పిల్లలున్నారు. ‘అప్పు తెచ్చుకోవడం’ అర్థం కాకపోవడమే దీనికి కారణం. ఒక పది రూపాయల నోటును పది రూపాయి నాణేలుగా మార్చి చూపిస్తే ఆ చిక్కు విడిపోతుంది.

మూడు రూపాలు

తీసివేత సందర్భాలు ప్రధానంగా మూడు. అట్టలోని 30 గుడ్లలో 12 వాడితే ఎన్ని మిగిలాయన్నది మొదటిది. అన్న ఎత్తు 131 సెంటీమీటర్లు, చెల్లెలి ఎత్తు 118 అయితే తేడా ఎంతన్నది రెండోది. 50 రూపాయల వస్తువు కొనడానికి చేతిలో 37 ఉంటే ఇంకెంత కావాలన్నది మూడోది. దుకాణదారు 37 నుంచి 40కి మూడు, అక్కడి నుంచి 50కి పది అని లెక్కించి 13 అంటాడు. పలకపై చేసినా జవాబు అదే. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన చూపినప్పుడే బజారు లెక్క, బడి లెక్క ఒక్కటేనని పిల్లలకు బోధపడుతుంది. మొదటి రూపానికే పరిమితమైతే మిగిలిన రెండూ వారికి కొరకరాని కొయ్యలవుతాయి.

మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జులైలో నిపుణ్‌ భారత్‌ను ప్రారంభించి, 2026-27ను గడువుగా నిర్ణయించింది. తెలంగాణ 2022లో ‘తొలిమెట్టు’ చేపట్టింది. లక్ష్యాలు ఘనమైనవే. అవి నెరవేరేది మాత్రం తరగతి గదిలోనే. గింజలకు, నాణేలకు పెద్దగా ఖర్చు కాదు. జవాబు అడిగే ముందు ‘ఈ లెక్కలో ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు’ అని ప్రతి విద్యార్థినీ అడిగే వ్యవధి ఉపాధ్యాయుడికి ఉండాలి. సిలబస్‌ పూర్తిచేయాలన్న తొందరలో ఆ వ్యవధికే కోత పడితే, చివరికి తీసివేతకు గురయ్యేది పిల్లల భవిష్యత్తే.