తెనాలి ప్రాంతంలో పట్టణ పేదరిక నిర్మూలన

తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా డెల్టాలోని పురపాలక పట్టణాలు. వరిపంట, బియ్యం వ్యాపారం వీటికి సంపద తెచ్చాయి. తెనాలికి "ఆంధ్రా ప్యారిస్" అని పేరు. అయితే ఆ బస్తాలు మోసే హమాలీలు, ఇతర దినకూలీలు ఏ రోజు సంపాదనతో ఆ రోజు గడుపుకొనేవారు.

ప్రభుత్వ పథకాలు

2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) మహిళా పొదుపు సంఘాలకు బ్యాంకు ఋణాలు ఇప్పిస్తుంది. 2018లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణాలలో రూ.5కు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లను ప్రారంభించింది. 2019లో ప్రభుత్వం మారిన తరువాత అవి మూతపడినాయి. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారగా, ఆగస్టులో తిరిగి మొదలైనాయి.

విశ్లేషణ

పొదుపు సంఘాలు సభ్యుల చేతిలో ఉన్నందున ప్రభుత్వాలు మారినా నిలిచినాయి. రాయితీపై నడిచే క్యాంటీన్లు నిలువలేదు. కాని పొదుపునకు కొంత మిగులు ఉండాలి, దినకూలీకి అది అరుదు. కనుక అతిపేదలకు నేరుగా అందే పథకానికే స్థిరత్వం తక్కువ.