వీధి రుచి అందరిదీ, వీధి ఎవరిది?

పెద్ద నగరాన్ని చూపించే పద్ధతులు మారుతున్నాయి. ఒకప్పుడు టూరిస్టు బస్సు ఎక్కి, కిటికీలోంచి కట్టడాలు చూసి, మధ్యాహ్నం ఏదో హోటల్లో భోంచేసి రావడమే నగర దర్శనం. ఇప్పుడు ఏడెనిమిదిమంది చిన్న జట్టుగా బయలుదేరుతున్నారు. తలా ఒక బ్యాటరీ సైకిలు, నెత్తిన హెల్మెట్, ముందు దారి చూపించే గైడు. బస్సు దూరలేని సందుల్లోకి వెళ్తారు, పాత ఇళ్ళూ అంగళ్ళూ చూస్తారు, నాలుగైదు చోట్ల ఆగి ఆ ఊరి తిండి రుచి చూస్తారు. బ్యాంకాక్‌లోనూ లిస్బన్‌లోనూ ఇది మామూలైపోయింది. మన దేశంలో కూడా ఢిల్లీ, ముంబయి లాంటి చోట్ల మామూలు సైకిళ్ళ మీద ఇలా తిప్పేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. ఆ సైకిలుకి ఇప్పుడు మోటారు తోడయింది.

డబ్బున్నవాళ్ళ సరదా గురించి స్త్రీల హక్కుల పత్రికకి ఎందుకని కొందరు అడగొచ్చు. ఈ సరదాలో మనకి సంబంధించిన విషయాలు కనీసం మూడున్నాయి. సైకిలు ఎక్కే స్త్రీ ఒకటి. దారి చూపించే గైడు రెండోది. మూడోది, అందరికంటే ముఖ్యమైనది, జట్టు ఆగినచోట పొయ్యి ముందు కూచున్న స్త్రీ. ఈ ముగ్గురికీ ఆ వీధి మీద ఉన్న హక్కు ఒకటి కాదు.

మొదట సైకిలు సంగతి చూద్దాం. మన ఆడపిల్లలు బడికి పోయేంతవరకే సైకిలు తొక్కుతారు. పెళ్ళితోనో, అంతకుముందే పెద్దమనిషి అయ్యిందనో సైకిలు గోడకి చేరుతుంది. ఆ తర్వాత ఏ స్త్రీ అయినా సైకిలు మీద బజారుకి బయలుదేరితే వింతగా చూస్తారు. సైకిలు స్త్రీల చేతికి వస్తే ఏం జరుగుతుందో మనకి తెలియని సంగతేం కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం చదువుతో పాటు సైకిలు తొక్కడాన్ని కూడా నేర్పింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. మగవాళ్ళ వెక్కిరింపులు పడ్డారు, అయినా మానలేదు. బస్సు కోసం గంటలు కాచుకోవడం, తండ్రో భర్తో వచ్చి తీసుకెళ్ళేదాకా ఎదురుచూడడం తప్పిందని వాళ్ళకి తెలిసింది. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోవడానికి డబ్బివ్వడం మొదలుపెట్టాక హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగిందని పరిశోధకులు తేల్చారు.

బ్యాటరీ సైకిలు ఈ మేలుని ఇంకాస్త ముందుకి తీసుకుపోగలదు. మోకాళ్ళ నొప్పులున్న నలభై అయిదేళ్ళ స్త్రీ, వెనక సీటు మీద పిల్లనీ హ్యాండిలుకి కూరగాయల సంచీనీ పెట్టుకున్న స్త్రీ బంజారాహిల్స్ లాంటి ఎత్తుల మీద మామూలు సైకిలు తొక్కలేరు. మోటారు సాయం ఉంటే తొక్కగలరు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకీ, వేగం గంటకి 25 కిలోమీటర్లకీ మించని వాటికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఇంట్లో ప్లగ్గుకే చార్జింగు పెట్టుకోవచ్చు. కానీ దాని ధర మామూలు సైకిలు ధరకి ఎన్నో రెట్లు. అందువల్ల ఇళ్ళలో పనిచేసే స్త్రీకో, బట్టల షాపులో నిలబడే అమ్మాయికో పనికిరావాల్సిన బండి సెలవురోజు విహారానికి అద్దెకిచ్చే వస్తువుగా మిగిలింది.

హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. దానికి సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. వ్యాయామానికి వచ్చేవాళ్ళకి అది బాగుంది. బస్తీలోంచి పనికి పోయే స్త్రీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆమె దారి అటు పోదు. అదే ఏడాది డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలవగానే బస్సులు నిండిపోయాయి. ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. ఊరికే తిరగడం కూడా హక్కేనని ముంబయి స్త్రీల అనుభవాల ఆధారంగా శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో ఒక పుస్తకమే రాశారు. పని చూపించకుండా, కారణం చెప్పకుండా వీధిలో ఉండగలగడమే పౌరసత్వానికి గుర్తు అని వాళ్ళ వాదన. మగవాళ్ళు టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడితే ఎవరూ కారణం అడగరు. పది మంది జట్టులో, హెల్మెట్ పెట్టుకుని, గైడు వెంట ఉంటే స్త్రీ కూడా రాత్రి తొమ్మిదింటికి పాతబస్తీలో తిరగవచ్చని ఈ యాత్రలు చూపిస్తున్నాయి. బాగానే ఉంది. డబ్బు కట్టి గైడుని పెట్టుకుంటే తప్ప ఆ భద్రత దొరకదంటే మాత్రం అది హక్కు కాదు, సరుకు.

ఇక తిండి సంగతి. 2019లో యునెస్కో హైదరాబాదుని ఆహార సంస్కృతికి గాను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. అంతకుముందే 2010లో హైదరాబాదు హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నగరం రుచులనగానే బిర్యానీ, హలీమ్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు గుర్తొస్తాయి. భట్టీ ముందు నిలబడి హలీమ్ దంచేదీ, గల్లాపెట్టె ముందు కూచునేదీ మగవాళ్ళే కాబట్టి పేరూ వాళ్ళకే వస్తుంది. అదే వంట ఇంట్లో రోజుకి మూడుపూటలా చేసే స్త్రీకి జీతమూ లేదు, పేరూ లేదు.

అయితే వీధిలో వండే స్త్రీలు లేకపోలేదు. సాయంత్రమయ్యేసరికి నగరంలో చాలాచోట్ల రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతాయి. జొన్నలు పండే పల్లెల నుంచి బతకడానికొచ్చిన స్త్రీలు పిండి తడిపి, చేత్తో చప్పుడు చేస్తూ తట్టి, పెనం మీద వేస్తారు. హాస్టళ్ళలో ఉండే పిల్లలు, షుగరు ఉన్న ఉద్యోగులు వరసలో నిలబడి రొట్టెలు కట్టించుకుపోతారు. పొద్దున్నే ఇడ్లీ బండి, మధ్యాహ్నం సంచిలో గిన్నెలు సర్దుకొచ్చి అమ్మే అన్నం కూరలు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, వీటిలో ఎన్నో ఆడవాళ్ళ చేతిమీద నడుస్తున్నాయి. స్థానిక తిండి అంటే నిజానికి ఇదే. యాత్రలు నడిపేవాళ్ళు ఇప్పుడు ఇలాంటి చోట్లే వెతుకుతున్నారు.

ఆ పొయ్యి ముందు కూచున్న స్త్రీ పరిస్థితి ఏమిటి? సాయంత్రం మొదలుపెట్టి రాత్రి పదింటిదాకా పొగలో కూచుంటుంది. దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి నీళ్ళు తాగడమే తగ్గించుకుంటుంది. మామూళ్ళు ఇచ్చుకోవాలి. కార్పొరేషను లారీ వచ్చిందంటే పెనం, గిన్నెలు, పిండి అన్నీ ఎత్తుకుని పరిగెత్తాలి. చిక్కితే మర్నాటి పెట్టుబడి పోయినట్టే.

ఇలా జరగకూడదని చట్టం ఉంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ తొలగించకూడదని అందులో స్పష్టంగా ఉంది. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. స్వాధీనం చేసుకున్న సరుకు పాడైపోయేదైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. యాభై ఏళ్ళకి పైగా ఒకేచోట నడుస్తున్న వీధి అంగళ్ళని వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళని కదపకూడదని కూడా రాసి ఉంది. రోడ్డు పక్క వ్యాపారం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానికి నియమాలు పెట్టవచ్చు గాని పూర్తిగా కాదనకూడదని సుప్రీంకోర్టు 1989లోనే సోదన్ సింగ్ కేసులో చెప్పింది. అహ్మదాబాదులో 1972లో ఇలా భట్ మొదలుపెట్టిన సేవా సంఘంలోని కూరగాయలమ్మే స్త్రీలు ఏళ్ళ తరబడి వీధుల్లోనూ కోర్టుల్లోనూ పోరాడారు. 2014 చట్టం వెనక వాళ్ళ శ్రమ ఉంది.

చట్టం పుస్తకంలో ఉండగా ఏం జరుగుతుందో 2024 జనవరిలో చూశాం. మాదాపూర్‌లో భోజనాలు అమ్మే కుమారి ఆంటీ వీడియోల వల్ల ఊరూరా తెలిసిపోయింది. జనం పెరిగి ట్రాఫిక్ ఆగుతోందని పోలీసులు ఆమె వ్యాపారాన్ని ఆపించారు. గొడవయ్యాక ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని అక్కడే సాగనివ్వమన్నారు. ఆమె నిలబడినందుకు సంతోషమే. కానీ వీడియోల్లో కనపడని వేలమంది స్త్రీలకి ఏ ముఖ్యమంత్రి ఫోను చేస్తాడు? పేరున్నవాళ్ళకి దయగా దొరికినది మిగతావాళ్ళకి చట్టంగా దొరకాలి.

నగరాన్ని అతిథులకి చూపించాలని పాలకులు అనుకున్నప్పుడల్లా బీదవాళ్ళకి ముప్పు వచ్చింది. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దాని నినాదమే స్త్రీలకి మొదటి స్థానం. సదస్సుకి ముందు బిచ్చమెత్తుకోవడాన్ని నిషేధించి, స్త్రీలతో సహా బిచ్చగాళ్ళని వీధుల్లోంచి తరలించారు. 2023 సెప్టెంబరులో జీ-20 సమావేశాలకి ముందు ఢిల్లీలో వీధి వ్యాపారులని రోడ్ల మీదనుంచి తప్పించారు. 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ప్రపంచ సుందరి పోటీలు జరిపింది. 1996లో బెంగుళూరులో ఆ పోటీలు పెట్టినప్పుడు స్త్రీల సంఘాలు ఎదిరించిన సంగతి మనకి గుర్తే. ఈసారి రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్ళు కడుక్కోవడానికి స్థానిక స్త్రీలు నీళ్ళుపోసి తుడిచిన దృశ్యాలు అందరూ చూశారు, విమర్శలూ వచ్చాయి. అతిథి మర్యాద పేరుతో ఎవరు వంగుతున్నారు, ఎవరికోసం వంగుతున్నారు అనేదే అక్కడ ప్రశ్న.

సైకిలు యాత్రని వాటితో ఒక గాటన కట్టడం న్యాయం కాదు. అది పొగ వదలదు, రోడ్డు ఆక్రమించదు, వచ్చినవాళ్ళు అద్దం వెనక కాకుండా మనుషుల మధ్యలోకి వస్తారు, తిన్నదానికి డబ్బు వీధిలోనే ఇస్తారు. అందుకే దీన్ని వద్దనడం కంటే దీనికి షరతులు పెట్టడం మేలు. ఒక వీధికి పేరొచ్చాక అక్కడ అద్దెలు పెరుగుతాయి, కార్లొస్తాయి, ఆ తర్వాత ట్రాఫిక్ పేరుతో మొదట లేపేది బండినే. పేరు తెచ్చిన స్త్రీయే ముందు వెళ్ళిపోవాల్సి వస్తుంది. షరతులు ముందే పెట్టకపోతే తర్వాత పెట్టడానికి ఆమె అక్కడ ఉండదు.

ఏమిటా షరతులు? యాత్ర ఆగే ప్రతి చోటా వ్యాపారికి చట్టప్రకారం ధ్రువపత్రం ఉండేలా కార్పొరేషను చూడాలి. అది లేకపోవడాన్ని సాకుగా చూపి ఆమెని తప్పించకూడదు, ఇప్పించాలి. యాత్రికుడి దగ్గర నిర్వాహకులు తీసుకునే టిక్కెట్టులో తిండికి ఎంత, వండినావిడకి ఎంత అనేది రాతపూర్వకంగా ఉండాలి. ప్రచారం వస్తుంది గదా అని రుచి ఊరికే పెట్టమనడం కుదరదు. ఫోటో తీసేముందు అడగాలి. గైడులుగా ఆ బస్తీల అమ్మాయిలకే శిక్షణ ఇచ్చి, నెలజీతం, బీమా ఇవ్వాలి. తన వీధి కథ తానే చెప్పుకుని జీతం తెచ్చుకునే అమ్మాయి ఒక్కతి ఉన్నా ఆ వీధిలో మిగతా ఆడపిల్లల నడక మారుతుంది. ఆ దారి పొడుగునా దీపాలు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు ఉండాలి. అవి యాత్రికులకి ఎంత అవసరమో రోజంతా అక్కడే ఉండే స్త్రీకి అంతకంటే ఎక్కువ అవసరం.

బ్యాటరీ సైకిళ్ళని కూడా విహారానికే వదిలెయ్యకూడదు. మెట్రో స్టేషన్ల దగ్గర, పెద్ద బస్టాపుల దగ్గర బస్సు టిక్కెట్టంత అద్దెకి దొరికేలా పెట్టాలి. వార్డుల్లో స్త్రీలకి నేర్పే కేంద్రాలు పెట్టాలి. పుదుక్కోట్టైలో ఒక జిల్లా యంత్రాంగం చెయ్యగలిగిన పని మహానగరాల్లో ఎందుకు చెయ్యలేరు?

మన సంఘాలు చెయ్యగలిగిన పని ఒకటుంది. మన పట్టణంలో వీధి వ్యాపార కమిటీ ఉందా, అందులో ఎన్నికైన స్త్రీలెవరు, చివరిసారి ఎప్పుడు సమావేశమైంది అని మున్సిపల్ కమిషనరుకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. జవాబు తీసుకుని బండ్ల దగ్గరికి వెళ్ళి ఆ స్త్రీలతో కలిసి చదవాలి. తమకి ఇలాంటి చట్టం ఉందన్న సంగతి వాళ్ళలో చాలామందికి ఇంకా ఎవరూ చెప్పలేదు.