రోము పటాలమూ, మన బంట్లూ

దసరా సెలవులలో మారతహళ్ళిలోని మా ఇంట ఒక యుద్ధం జరిగింది. తుపాకిమందు రాకపూర్వం లోకంలో రోము సైన్యాన్ని మించినది లేదని మా తమ్ముడి కొడుకు వాదం. నాలుగు మదపుటేనుగులను తోలితే ఆ పటాలాలన్నీ చెల్లాచెదరని మా బావగారి వాదం. తీర్పు చెప్పే భారం మామీద పడింది.

ఏనుగుల సంగతి ముందు తేల్చివేశాము. క్రీ.పూ. 202లో జామా యుద్ధంలో హన్నిబాల్ ఎనభైకి పైగా ఏనుగులను తోలాడు. రోము సేనాని స్కిపియో తన దళాల నడుమ సందులు విడిచి నిలిపాడు. చాలా ఏనుగులు ఆ సందులవెంట పోయినవి. బావగారు ఓడారు. అలాగని అబ్బాయి గెలిచాడా? క్రీ.పూ. 53లో కర్రే దగ్గర పార్థియనుల గుర్రపు విలుకాండ్రు దగ్గరకైనా రాకుండా బాణాలు కురిపించి క్రాసస్ సైన్యాన్ని నాశనం చేశారు. ఎవరు ఎవరిని కొట్టగలరన్నది నేలనుబట్టీ, ఎదుట నిలిచినవాణ్ణిబట్టీ ఉంటుంది. మాకు పట్టిన సందేహం వేరు. ఆ సైనికుడు ఎవరి మనిషి? వాడికి అన్నం పెట్టేదెవరు?

బ్రిటనులో విండొలాండా అనే చోట రోమువారి ఠాణా ఉండేది. అక్కడి తవ్వకాలలో పలుచని కొయ్యపలకల మీద సిరాతో వ్రాసిన వ్రాతలు దొరికినవి. వాటిలో క్రీ.శ. 90 తరువాతి కాలపు హాజరుపట్టీ ఒకటి ఉన్నది. తుంగ్రియనుల పటాలంలో మొత్తం 752 మంది. ఠాణాలో లేనివారు 456. ఉన్నవారు 296. వీరిలో జబ్బుపడినవారు 15, గాయపడినవారు 6, కళ్ళకలకవారు 10. పోగా పనికివచ్చేవారు 265. గుమాస్తాగిరీలో జుట్టు నెరిసిన మాకు ఇది చదవగానే ప్రాణం లేచివచ్చింది. కూడికలు కూడా సరిపోయినవి! కళ్ళకలక వచ్చినవాణ్ణి సైతం లెక్కలో చూపిన సర్కారు అది. రోము పౌరులైన సైనికులు కొలువు ముగించి వెళ్ళేటప్పుడు ముట్టజెప్పడానికి ఆగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 6లో వేరే ఖజానాయే పెట్టాడు.

మరి మన వైపు? మాకు దగ్గరలోనే బేగూరు ఉంది గదా. అక్కడి వీరగల్లు ఒకటి క్రీ.శ. 890 ప్రాంతానిది. గంగరాజు ఎరెయప్ప పక్షాన నాగత్తరుడనే వీరుడు వీరమహేంద్రుని సేనతో పోరాడి, తుంబెపాడి వద్ద ఏనుగులను ఎదిరించి పడిపోయాడని అందులో ఉంది. రాజు ఆ వార్త విని నాగత్తరుని పట్టం ఇరుగుడనేవానికి కట్టి, బేగూరు పన్నెండు ఊళ్ళు ఇచ్చాడు. నాయకునికి ఊళ్ళు, ఆ ఊళ్ళ రాబడితో బంట్లు. కాకతీయుల నాయంకరం కూడా ఈ తోవలోనిదే. బంటు నాయకుని ఉప్పు తిన్నవాడు. వాడి లెక్క రాజుగారి దఫ్తరులో కాదు, నాయకుని చావడిలో.

"కళ్ళకలకవాళ్ళ పట్టీ ఏదీ పెదనాన్నా? అందుకే ఓరుగల్లు పడిపోయింది" అన్నాడు అబ్బాయి.

పడిపోయిన మాట నిజమే. 1310లో మాలిక్ కాఫూరుకు ధనమూ ఏనుగులూ ఇచ్చి సంధి చేసుకోవలసి వచ్చింది. 1323లో ఉలుఘ్ ఖాను కోట పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడు బందీ అయి ఢిల్లీ దారిలో ప్రాణం విడిచాడు. అంతటితో సైన్యం మాయం కావలసింది, కాలేదు. రాజు పోయినా ఊళ్ళలో నాయకులూ, వారి బంట్లూ మిగిలే ఉన్నారు. 1336లో కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు. రోములో జీతపు సైన్యం ఏం చేసింది? క్రీ.శ. 193లో అంగరక్షక దళంవారు చక్రవర్తిని చంపి సింహాసనాన్ని వేలం వేశారు. డిడియస్ జూలియానస్ అనే ధనికుడు పాడుకున్నాడు. రెండు నెలలు దాటి కొద్దిరోజులకే అతని పనీ అయిపోయింది. ఇది విని అబ్బాయి మొగం చిన్నబుచ్చుకున్నాడు.

అయినా మాబోటివాడికి పట్టీలో పేరుండడమే హాయి అన్నాము, మనసులోని మాట దాచడమెందుకని. "కళ్ళకలక వస్తే బంటు నేరుగా నాయకుడి గుమ్మంలోకి పోయి అడుగుతాడయ్యా, పట్టీ ఎందుకు?" అన్నారు బావగారు. దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది.

బేగూరు నాగేశ్వరుని గుడిలో మరొక రాయి ఉంది. బెంగళూరు పేరు, బెంగళూరు యుద్ధమనే మాట అందులో కనబడతవి. వచ్చే ఆదివారం ముగ్గురమూ వెళ్ళి చూడాలని నిశ్చయమైంది. బస్సు ఖర్చు ఓడినవారిది అన్నారు. ఓడినదెవరో ఇంకా తేలలేదు.