డార్విన్ శ్మశానవాటికలో స్మారకం: పేరు ఎవరికి దక్కింది?

డార్విన్ నగరంలోని గార్డెన్స్ రోడ్ శ్మశానవాటిక 1919లో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం నుండి బ్రతికి వచ్చి, ఆ తరువాత ఎన్నడో కన్నుమూసిన సైనికులు ఇటువంటి పాత వాటికలలోనే ఉన్నారు. వారికి స్మారకం నిలపాలన్న ప్రయత్నం నేడు ఆస్ట్రేలియా అంతటా సాగుతున్నది. ఇన్నేళ్లుగా ఆ పని ఎందుకు జరగలేదన్నదే ఆలోచించదగిన విషయం.

కారణం నిబంధనలో ఉన్నది. యుద్ధసమాధుల కమిషన్ లెక్కలో మొదటి యుద్ధమృతులంటే 1914 ఆగస్టు 4 నుండి 1921 ఆగస్టు 31 లోపు మరణించినవారు. ఆ గడువు దాటి, దేహంలో తూటా ముక్కతోనో గుండెలో భీతితోనో ఇరవై ఏళ్లు బ్రతికి, నిరుపేదగా పోయినవాని సమాధికి ఆ కమిషన్ బాధ్యత లేదు. బంధువులు రాయి వేయలేకపోతే గడ్డి మొలిచింది, అంతే.

డార్విన్‌కు దక్షిణాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అడిలైడ్ రివర్ యుద్ధశ్మశానాన్ని చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 1942 ఫిబ్రవరి 19న జపాను విమానాలు డార్విన్‌పై బాంబులు కురిపించినప్పుడు తపాలా కార్యాలయంలో మరణించిన ఉద్యోగులకు సైతం అక్కడ సమాధులున్నాయి. వారు సైనికులు కారు. అయినా పేర్లు నిలిచాయి. తలచుకుంటే నిబంధన వంగుతుందన్నమాట!

అందరికీ కలిపి ఒక్క శిల నిలిపితే చాలునా? చాలదనే నా అభిప్రాయం. మన పల్నాట కారంపూడిలో వీరుల గుడి ఉన్నది. శతాబ్దాలు గడిచినా అక్కడి వీరులను జనం పేరుపేరునా తలచుకుంటారు. పేరు లేని రాతి ముందు తలవంచగలం గాని, ఎవరినీ పిలువలేము.

2021లో కమిషన్ తానే వేయించుకున్న విచారణ, మొదటి యుద్ధంలో మరణించిన ఆసియా, ఆఫ్రికా వారిలో కనీసం 1,16,000 మందికి పేరుతో గాని, అసలే గాని స్మరణ దక్కలేదని అంగీకరించింది. బ్రిటిష్ ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది.

ఇది మనకు పరాయి కథ కాదు. మలయా తోటలనుండి తెలుగు, తమిళ కూలీలను జపాను సైన్యం సయాం–బర్మా రైలుమార్గానికి తరలించింది. దాని పొడవు 415 కిలోమీటర్లు. అక్కడ మరణించిన ఆస్ట్రేలియా ఖైదీలు సుమారు 2,800 మంది. కాంచనబురి వంటి చోట్ల వారికి వరుసలుగా పేర్లు చెక్కిన సమాధులున్నాయి. అదే కట్ట మీద, అదే కలరాతో పోయిన ఆసియా కూలీలు దాదాపు 90,000 మంది అని అంచనా. అది అంచనాగానే మిగలడం గమనించండి: ఖైదీల లెక్క పై అధికారులు రహస్యంగానైనా వ్రాసి ఉంచారు, కూలీల లెక్క వ్రాసేవారే లేకపోయారు.

ఫిజీ, నటాల్ వెళ్లినవారి వలసపత్రాలలో తండ్రి పేరు, గ్రామం, తాలూకా ఉండేవి. కంగాణీల వెంట మలయా వెళ్లినవారికి అటువంటి పత్రాలు లేవు. కనుక అక్కడి వంశీయులకు ఇంటి పెద్దల జ్ఞాపకమే దస్తావేజు. రైలుకు పోయి తిరిగిరాని తాతను ఎరిగినవారు ఇప్పుడు తొంభై దాటినవారు. ఇంటిపేరు, తోట పేరు, తీసుకుపోయిన కాలం: ఈ మూడింటినీ వారినుండి అడిగి వ్రాసుకోవలసిన సమయం ఇదే.